జీఎన్ఎం చేశారా? పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ముందు ఈ లెక్క వేసుకోండి

ఈ ఎపిసోడ్ అందరి కోసం కాదు, ముందే చెప్పేస్తున్నా. జీఎన్ఎం పూర్తి చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఇప్పుడు ఏదో ఒక ఆస్పత్రిలో డ్యూటీలు చేస్తున్నవాళ్ల కోసం. మీ అక్కో, చెల్లో, పక్కింటి అమ్మాయో, ఫ్రెండో అలా ఉంటే ఈ లింక్ వాళ్లకి పంపండి.

వాళ్లందరి బుర్రలో తిరిగే ప్రశ్న ఒకటే. "జీఎన్ఎంతో ఆగిపోవాలా? డిగ్రీ చెయ్యాలా?" ఇంట్లో ఒకరు చదవమంటారు, ఇంకొకరు పెళ్లి చేసేద్దాం అంటారు. వార్డులో సీనియర్ ఏమో "డిగ్రీ లేకపోతే ఫ్యూచర్ లేదు" అంటుంది. కన్సల్టెన్సీ వాడు ఫోన్ చేసి "సీటు రెడీ మేడమ్" అంటాడు. వీళ్లెవరూ ఒక లెక్క మాత్రం వెయ్యరు. ఈ డిగ్రీ ఏ తలుపు తీస్తుంది, ఏ తలుపు ఇప్పటికే తెరిచి ఉంది అనే లెక్క. ఈరోజు మనం అది వేద్దాం.

ముందు కోర్సు గురించి

బీటెక్ వాళ్లకి చెప్పే పద్ధతిలో చెప్తా. మా క్లాసులో సెకండియర్ మొదటి రోజు కొత్త మొహాలు కొన్ని వచ్చి కూర్చున్నాయి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌కి వచ్చినవాళ్లు. నర్సింగ్‌లో కూడా ఇలాంటి దారి ఉంది, కాకపోతే చిన్న తేడా. జీఎన్ఎం వాళ్లు వెళ్లి నాలుగేళ్ల బీఎస్సీ క్లాసులో మధ్యలో కూర్చోరు. వాళ్ల కోసమే విడిగా 2 ఏళ్ల కోర్సు ఉంది. దాని పేరే పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్.

అంటే ఇంటర్ తర్వాత 3 ఏళ్లు జీఎన్ఎం, 2 ఏళ్లు పోస్ట్ బేసిక్, మొత్తం 5 ఏళ్లు. నేరుగా బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి 4 ఏళ్లు. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. కానీ మధ్యలో ఉద్యోగం చేసి, జీతం తీసుకుని, వార్డు అనుభవంతో చదువుతారు కాబట్టి ఆ ఏడాది పూర్తిగా పోయినట్టు కాదు.

అర్హత సింపుల్‌గా చెప్పాలంటే మూడు. ఇంటర్ పాస్ అయి ఉండాలి. జీఎన్ఎం పూర్తయి ఉండాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టర్ అయి ఉండాలి. ఈ మూడోది చాలా ముఖ్యం. జీఎన్ఎం మార్కుల మెమో చేతిలో ఉంటే సరిపోదు.

ఇక్కడ ఒక పేరుతో జాగ్రత్త. "పోస్ట్ బేసిక్ డిప్లొమా" అని ఇంకోటి ఉంది. క్రిటికల్ కేర్, ఆంకాలజీ, ఆపరేషన్ థియేటర్ లాంటి విభాగాల్లో ఏడాది స్పెషాలిటీ కోర్సు అది. మంచి కోర్సే, కానీ డిగ్రీ కాదు. "పోస్ట్ బేసిక్ ఒక్క ఏడాదిలో అయిపోతుంది" అని ఎవరైనా అంటే, వాళ్లు చెప్పేది దీని గురించే.

రెండేళ్లలో కొత్తగా ఏం నేర్పిస్తారు?

"ఇంజెక్షన్ వెయ్యడం, ఐవీ పెట్టడం వచ్చు కదా, ఇంకేం నేర్చుకుంటాం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

మొదటి ఏడాది మెడికల్ సర్జికల్, మెటర్నల్, చైల్డ్ హెల్త్ లాంటి తెలిసిన సబ్జెక్టులే కాస్త లోతుగా ఉంటాయి. వాటితో పాటు మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, సైకాలజీ. రెండో ఏడాది సోషియాలజీ, కమ్యూనిటీ హెల్త్, మెంటల్ హెల్త్, నర్సింగ్ ఎడ్యుకేషన్, నర్సింగ్ అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్. చూశారా, చివరి మూడూ వేరే రకం. బెడ్ పక్కన పని చెయ్యడం మాత్రమే కాదు, వార్డు నడపడం, జూనియర్లకి నేర్పడం, ఒక పద్ధతి పనిచేస్తోందో లేదో లెక్కలతో తేల్చడం.

దీనివల్ల పేషెంట్‌కి లాభం ఉందా? దీని మీద బాగా పేరున్న పరిశోధన అమెరికాలో జరిగింది. లిండా ఐకెన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల డేటా చూసి 2003లో ప్రచురించింది. బ్యాచిలర్ డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట, సర్జరీ పేషెంట్లలో మరణించే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. ఆ తర్వాత 2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, 2020 నాటికి 80 శాతం నర్సులకి డిగ్రీ ఉండాలని సిఫార్సు చేసింది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో ఏకంగా చట్టమే చేసింది. కొత్తగా లైసెన్స్ తీసుకునే రిజిస్టర్డ్ నర్సు 10 ఏళ్లలోపు బ్యాచిలర్ డిగ్రీ పూర్తి చెయ్యాలి. గమనించండి, ముందు పనిలో చేరనిచ్చి, తర్వాత చదువుకోవడానికి పదేళ్లు టైమిచ్చారు.

కాబట్టి చదువు దండగ అని నేను అనను. కానీ చదువు విలువ వేరు, మీ ఇంటి బడ్జెట్‌లో అది ఎప్పుడు సరిపోతుందన్నది వేరు.

ఇప్పటికే తెరిచి ఉన్న తలుపులు

చాలామందికి తెలియని విషయం ఇది. కొన్ని ఉద్యోగాలకి డిగ్రీ అక్కర్లేదు. జీఎన్ఎం చాలు.

తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, జీఎన్ఎం అయినా బీఎస్సీ అయినా అర్హులే. పోస్టు ఒకటే, పే స్కేలు ఒకటే. రాత పరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్ట్ లేదా ఔట్‌సోర్సింగ్‌లో చేసిన సర్వీసుకి 20 పాయింట్లు పెట్టారు. అంటే అక్కడ డిగ్రీ కన్నా ఆ సర్వీసుకే పాయింట్లు.

ఎయిమ్స్ సంగతి చూద్దాం. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లతో సహా దేశంలోని ఎయిమ్స్‌లకి నర్సింగ్ ఆఫీసర్లని నార్సెట్ అనే ఉమ్మడి పరీక్షతో తీసుకుంటారు. పే లెవల్ 7, అంటే ఏడో వేతన సంఘం లెక్కలో మొదటి బేసిక్కే 44,900 రూపాయలు. బీఎస్సీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ వాళ్లకి అనుభవం అడగరు. జీఎన్ఎం వాళ్లకి మాత్రం కనీసం 50 పడకల ఆస్పత్రిలో 2 ఏళ్ల అనుభవం ఉండాలి. ఇది రెండుసార్లు చదవండి. మీరు ఇప్పటికే 50 పడకలు దాటిన ఆస్పత్రిలో రెండేళ్లు చేసి ఉంటే, నార్సెట్ కోసం డిగ్రీ చెయ్యాల్సిన పనే లేదు. వయసు పరిమితి దాటకముందే పుస్తకం పట్టుకుంటే చాలు. అదే మీరు పది, ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌లో ఉంటే, ఎన్నేళ్లు చేసినా ఆ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు. అప్పుడు రెండు దారులు: పెద్ద ఆస్పత్రికి మారడం, లేదా డిగ్రీ.

విదేశాల సంగతీ అంతే. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు అవ్వాలంటే ఎన్‌క్లెక్స్ పాస్ అవ్వాలి. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. అక్కడి బోర్డులు ముఖ్యంగా చూసేది మీ మొదటి నర్సింగ్ చదువులో ఏ విభాగంలో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ చేశారన్నది. బ్రిటన్‌కి జీఎన్ఎంతో వెళ్లినవాళ్లు బోలెడుమంది. అక్కడ అడ్డం పడేది డిగ్రీ కన్నా ఇంగ్లిష్ పరీక్ష. జర్మనీకైతే జర్మన్ భాష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి విదేశీ భాషా శిక్షణ ఇప్పిస్తోంది. అలాంటివాళ్లకి ఆ రెండేళ్లు భాష మీద పెట్టడమే లాభం కావచ్చు.

డిగ్రీ మాత్రమే తీసే తలుపులు

ఇప్పుడు రెండో వైపు.

ఒకటి, ఎంఎస్సీ నర్సింగ్. డిగ్రీ లేకుండా అటువైపు చూడలేం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్‌లో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం కావాలి. పోస్ట్ బేసిక్ వాళ్లకి ఆ ఏడాది అనుభవం కోర్సుకి ముందు చేసిందైనా పర్వాలేదు. వార్డులో మీరు చేసిన ఏడాది ఇక్కడ పనికొస్తుంది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల పీజీకి కూడా డిగ్రీయే మెట్టు.

రెండు, టీచింగ్. నర్సింగ్ కాలేజీలో, స్కూల్లో ట్యూటర్‌గా చేరాలంటే డిగ్రీ ఉండాలి. రాత్రి డ్యూటీలు శరీరానికి పడట్లేదు, నడుం నొప్పి, ఇంట్లో చిన్నపిల్లలు అనేవాళ్లకి ఇది నిజమైన దారి.

మూడు, మిలిటరీ నర్సింగ్ సర్వీస్. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో మహిళలని లెఫ్టినెంట్ హోదాలో తీసుకుంటారు. బీఎస్సీ, పోస్ట్ బేసిక్, ఎంఎస్సీ వాళ్లకే అవకాశం. జీఎన్ఎం ఒక్కదానితో కుదరదు.

నాలుగు, సౌదీ. అక్కడి లైసెన్సింగ్ సంస్థ డిప్లొమా ఉన్నవాళ్లని నర్సింగ్ టెక్నీషియన్‌గా, బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లని స్పెషలిస్ట్‌గా వర్గీకరిస్తుంది. అదే వార్డు, అదే పేషెంట్, కానీ కార్డు మీద హోదా వేరు, దాన్ని బట్టి జీతం వేరు.

ఈ నాలుగింటిలో ఒక్కటైనా మీ ప్లాన్‌లో ఉంటే డిగ్రీ మీకు ఖర్చు కాదు, టికెట్. నాలుగూ లేకపోతే కింద లెక్క చూడండి.

డబ్బు లెక్క

ఉదాహరణకి అంకెలు తీసుకుందాం. మీ అంకెలు మీరు వేసుకోండి. జీతం నెలకి 18,000 అనుకుందాం. రెండేళ్లు మానేస్తే పోయేది 4,32,000. రెండేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి 1,50,000 అనుకుందాం. మొత్తం 5,82,000. ఫీజు ఒక్కటే ఖర్చనుకుంటాం కానీ, అసలు పెద్ద ఖర్చు రాకుండా పోయిన జీతం.

ఇప్పుడు డిగ్రీ అయ్యాక మళ్లీ అదే ఆస్పత్రికి వస్తే, "బీఎస్సీ కదా" అని నెలకి 2,000 పెంచారనుకోండి. ఆ డబ్బు తిరిగి రావడానికి 291 నెలలు, అంటే 24 ఏళ్లు దాటుతుంది. అదే డిగ్రీతో నెలకి 20,000 ఎక్కువ వచ్చే చోటికి వెళ్తే 30 నెలల్లోపే వచ్చేస్తుంది. డిగ్రీ ఒకటే. ఏ తలుపు దగ్గరికి తీసుకెళ్లారన్నదే తేడా.

జీతం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫార్సులు ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపు వాటిలో కనీసం 20,000 ఇవ్వాలని. పదేళ్ల కిందటి సిఫార్సు అది. మీ పే స్లిప్ పక్కన పెట్టి చూసుకోండి. తక్కువ జీతం మీ జీఎన్ఎం తప్పు కాదు. డిగ్రీ చేసినంత మాత్రాన అదే యాజమాన్యం మనసు మారుతుందనీ కాదు.

రెగ్యులరా, ఇగ్నోనా?

రెగ్యులర్ అంటే కాలేజీకి వెళ్లి చదివే 2 ఏళ్ల కోర్సు. ఆంధ్రాలో విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. సమాచారం అక్కడి వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్ ఫార్వర్డ్‌లో కాదు. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవాళ్లు సెలవు, అనుమతుల సంగతి ముందు మీ శాఖలో అడగాలి.

ఇగ్నో అంటే ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చదివేది. కనీసం 3 ఏళ్లు పడుతుంది. ఎంట్రన్స్ రాయాలి. ఇంటర్, జీఎన్ఎం ఉన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ తర్వాత 2 ఏళ్ల అనుభవం కావాలి. పదో తరగతి మీద జీఎన్ఎం చేసిన పాతవాళ్లకి 5 ఏళ్లు. దూరవిద్య కదా అని ఇంట్లో పడుకుని పాస్ అయ్యేది కాదు. స్టడీ సెంటర్‌కి వెళ్లి ప్రాక్టికల్స్ చెయ్యాలి. మీ వార్డ్ ఇన్‌ఛార్జ్ డ్యూటీలు సర్దకపోతే చాలా కష్టం.

జీతం ఆగకూడదు, ఇంటికి డబ్బు పంపాలి అనేవాళ్లకి ఇగ్నో మంచి దారి. కానీ గల్ఫ్ లక్ష్యం అయితే, ఆ దేశపు లైసెన్సింగ్ సంస్థ దూరవిద్య డిగ్రీని ఒప్పుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. మూడేళ్లు చదివాక తెలుసుకుంటే ఏడుపే మిగులుతుంది.

"కాలేజీకి రానక్కర్లేదు" అనే మూడో దారి

అసలు ఈ ఎపిసోడ్ చేసింది ఈ భాగం కోసమే. "మీరు ఉద్యోగం మానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే ఆఫర్. వేరే రాష్ట్రం కాలేజీల పేరుతో ఎక్కువగా వస్తుంది. జీతమూ ఆగదు, డిగ్రీ కూడా వస్తుంది కదా అనిపిస్తుంది.

డేటా చూసేవాళ్ల కళ్లతో చూడండి. మీ రెగ్యులర్ డిగ్రీ కాగితం మీద రెండేళ్ల తేదీలు ఉంటాయి, ఫలానా ఊళ్లో ఫుల్ టైమ్ చదువు అని. అవే రెండేళ్లకి హైదరాబాద్ ఆస్పత్రి ఇచ్చిన ఫుల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉంటుంది. ఒకే మనిషి ఒకే తేదీన రెండు ఊళ్లలో. గల్ఫ్ దేశాల కోసం డేటాఫ్లో లాంటి సంస్థలు మీ కాగితాలని కాలేజీకి, యూనివర్సిటీకి, ఆస్పత్రికి నేరుగా పంపి నిజమా కాదా అని అడుగుతాయి. తేదీలు ఢీకొన్నాయంటే పోయేది డిగ్రీ ఒక్కటే కాదు. మీరు నిజాయితీగా, రాత్రులు మేలుకుని సంపాదించిన అనుభవం కూడా అనుమానంలో పడుతుంది. ఇది చాలదన్నట్టు, క్లాసుకి వెళ్లకుండా డిగ్రీ తెచ్చుకున్న నర్సు చేతిలో రేపు ఒక పేషెంట్ ఉంటాడు.

చేరే ముందు చెయ్యాల్సినవి

మొదటిది, మీ రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రంలో ఉందో చూసుకోండి. మన పిల్లలు చాలామంది బెంగళూరులో జీఎన్ఎం చేసి కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటారు. ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికి ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడుగుతారు. అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి నమోదు అన్నీ అవ్వడానికి టైమ్ పడుతుంది. ఇప్పుడే మొదలుపెట్టండి.

రెండోది, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి? చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని దాచిపెట్టే ఆస్పత్రులు ఉన్నాయి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక అడిగితే తిప్పుతారు. బాండ్ ఏమైనా సంతకం పెట్టారేమో చదువుకోండి. రాతపూర్వకంగా రాజీనామా ఇచ్చి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకునే బయటికి రండి. అందులో పడకల సంఖ్య రాయించుకోండి. పైన నార్సెట్ గురించి చెప్పింది గుర్తుంది కదా.

మూడోది, కాలేజీకి యూనివర్సిటీ అఫిలియేషన్, కౌన్సిళ్ల గుర్తింపు ఈ విద్యా సంవత్సరానికి, ఈ కోర్సుకి ఉన్నాయా చూడండి. బీఎస్సీకి ఉంటే పోస్ట్ బేసిక్‌కి ఉన్నట్టు కాదు. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్తగా నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ముందు ముందు పేర్లు, పద్ధతులు మారతాయి, కాబట్టి పాత బ్రోచర్ చూసి నమ్మకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అన్నది కూడా చేరకముందే కాగితం మీద తేల్చుకోండి.

నాలుగోది, చదువు పూర్తయ్యాక పని. డిగ్రీ వచ్చాక రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా దాన్ని నమోదు చేయించాలి. డిగ్రీ బీరువాలో పెట్టి ఈ పని మర్చిపోతే, సరిగ్గా ఉద్యోగం వచ్చే టైమ్‌కి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇక మీరు చెయ్యాల్సిన పని చిన్నది. ఫోన్‌లో నోట్స్ తెరిచి ఒక్క లైన్ రాయండి: "డిగ్రీ అయ్యాక నేను అప్లై చేసే మొదటి ఉద్యోగం ఇది." ఆ లైన్ రాయగలిగితే, ఆ ఉద్యోగానికి డిగ్రీ నిజంగా అడుగుతున్నారా అని నోటిఫికేషన్ తీసి చూడండి. అడుగుతుంటే ధైర్యంగా చేరండి, ఎవరేమన్నా వినొద్దు. అడగకపోతే ఆ రెండేళ్లు ఆ ఉద్యోగం కోసమే పెట్టండి. లైన్ రాయలేకపోతే, ఈ ఏడాది ఫీజు కట్టడానికి తొందరపడొద్దు.

ఈరోజుకి ఇంతే. రాత్రి డ్యూటీకి వెళ్తూ బస్సులో ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, జాగ్రత్తగా వెళ్లి రండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.